ముసుగు పైన ఉంటే పలకరించకండి

ఈ ఉదయం ఆకాశం ముసుగేసుకుని లేచింది. మబ్బును కొండ భుజాల దాకా దించుకుని, ముక్కు చివర కూడా కనబడనివ్వకుండా కూర్చుంది. ఉరమలేదు. మెరవలేదు. ఎవరి నెత్తినా ఒక్క చినుకు వెయ్యలేదు.

చూశారా మర్యాద! ఆకాశానికి మూడ్ బాగాలేదు. అయినా ఎవరినీ నొప్పించలేదు. ఎంతైనా మా ఐన్ లూజ్ ఊరి ఆకాశం కదా!

పాఠకులారా, ఉన్నట్టుండి చెడిపోయే మూడ్‌ని మించిన వరం మనిషికి మరొకటి లేదని నా గట్టి నమ్మకం. నవ్వకండి. నేను మాట తక్కువ మనిషిని. ఊరి బడిలో నేర్చిన నాలుగు అక్షరాలతో రాస్తున్నాను. నవ్వించడం నాకు రాదు.

ఈ మూడ్ అనే మాట మా కొండల్లోకి కరెంటు వచ్చాక వచ్చింది. అంతకుముందు మాకు కోపం ఉండేది, దిగులు ఉండేది, కడుపునొప్పి ఉండేది. దేని దారిన అది వచ్చేది. ఇప్పుడు అన్నీ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఎంత సౌకర్యం! ఏమైందో చెప్పక్కర్లేదు. ఏమైందో మనకే తెలియాల్సిన పని లేదు!

మా నాన్న కాలంలో ఎంత అనాగరికంగా బతికారో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆయనకు తిక్క పుడితే కాలి చెప్పు తీసి విసిరేవాడు. పసుపుపచ్చ తోలు చెప్పు. వాకిట్లో ఎవరుంటే వాళ్ళకి తగిలేది. తగిలినవాడే దాన్ని తీసుకెళ్ళి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు ఆయన "గట్టిగా తగిలిందిరా?" అని అడిగేవాడు. అక్కణ్ణుంచి మాటా మాటా పెరిగి, టీ దాకా పోయేది. ఒక్క చెప్పు కోసం ఎంత కాలం వృథా!

మమ్మల్ని ఆ చీకట్లోంచి బయటికి లాగింది సల్వా అనే అమ్మాయి. పట్నం నుంచి వచ్చింది. మనసుల గురించి చదువుకుందట. ఆడవాళ్ళు తివాచీలు నేసే షెడ్డులో ఊరందరినీ కూర్చోబెట్టింది. ఆడవాళ్ళు ముందు, మేం తలుపు దగ్గర.

"మూడ్ మారడం తప్పు కాదండీ," అంది. "దాన్ని పక్కవాళ్ళ నెత్తిన రుద్దడం తప్పు. అందుకని ఏదో ఒక గుర్తు పెట్టుకోండి. నాకిప్పుడు బాగాలేదు, కాసేపు నన్ను వదిలెయ్యండి అని చూడగానే తెలిసే గుర్తు."

సరిగ్గా అప్పుడే పుదీనా టీ వచ్చింది. మగవాళ్ళమంతా లేచాం. ఆ పిల్ల ఇంకా ఏదో చెబుతూనే ఉంది. కానీ పుదీనా వాసన తగిలాక మా ఊళ్ళో మగవాడికి చెవులు పనిచెయ్యవు.

గుర్తు కోసం వెతుక్కునే పని కూడా లేకపోయింది. ప్రతి మగవాడి వీపు మీదా వేలాడుతూనే ఉంది. మేం తొడుక్కునే పొడుగు ఉన్ని అంగీ జెల్లాబా, దానికి మెడ దగ్గర కుట్టిన ముసుగు! ఇన్ని తరాలుగా దాన్ని ఎలాంటి నీచమైన పనులకు వాడామో! వానకి, చలికి, సంత నుంచి పుదీనా కట్ట వేసుకు రావడానికి!

నియమాలు వాటంతటవే పుట్టాయి. ముసుగు వీపున వేలాడుతుంటే మనిషిని పలకరించవచ్చు. నడినెత్తిన ఉంటే వాన గురించి మాత్రం మాట్లాడవచ్చు. కనుబొమల దాకా దిగితే సలాం చెప్పి తప్పుకోవాలి. ముక్కు దాకా దిగితే ఆ సలాం కూడా మనసులోనే!

మా ఇంటావిడ తూదా ఒక్కతే ఈ నాగరికతను ఒప్పుకోలేదు. "నా మూడ్ మారితే ఏటి అవతలి ఊరికి కూడా తెలుస్తుంది. మళ్ళీ దానికో గుర్తా, దండగ!" అంది.

ఆవిడ సంగతి వదిలెయ్యండి. మిగతా ఊరు ఎలా వెలిగిపోయిందో వినండి.

అల్లాల్ కాఫీ హోటల్లో ఇదివరకు గోల గోలగా ఉండేది. పేకాట, పందేలు, ఎకసెక్కాలు. ఇప్పుడు గోడ వెంబడి వరసగా ముసుగులు. మధ్యలో ముసుగేసుకున్న అల్లాల్. టీ కావాలని అతన్ని ఎవరూ అడగరు. టీ కావాలా అని అతను ఎవరినీ అడగడు. సాయంత్రానికి అందరం లేచి, ఏమీ తాగకుండా, ఎవరినీ నొప్పించకుండా, ఇళ్ళకు పోతాం. ఇంతకన్నా ప్రశాంతత శ్మశానంలో తప్ప ఎక్కడుంటుంది చెప్పండి!

సంతకు వెళ్ళే టాక్సీ సంగతి చూడండి. మనుషులు నిండితేనే కదులుతుంది. నిండింది. కానీ డ్రైవరు ముసుగు కనుబొమల దాకా ఉంది. పోనిమ్మని ఎవరు అంటారు? వెనక కూర్చున్నవాళ్ళ ముసుగులు చూసి అతనూ పోనివ్వలేదు. ఒకళ్ళ మోకాళ్ళు ఒకళ్ళకు గుచ్చుకుంటున్నా కిక్కురుమనకుండా మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. తర్వాత ఒక్కొక్కరే దిగి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయారు. సంతకు వెళ్ళి ఉంటే ఎంతమందితో బేరాలాడి ఎన్ని మనసులు గాయపరిచేవారో!

హద్దూ అనేవాడి త్యాగం మాత్రం చరిత్రలో నిలిచిపోతుంది. కోడిగుడ్లు ముసుగులో వేసుకుని వస్తున్నాడు. దారిలో అతని బావమరిది ఎదురై, "గుడ్లా? నీ మొహానికి కోళ్ళు కూడా పెడుతున్నాయా?" అన్నాడు. హద్దూకి మూడ్ మారింది. పాత రోజుల్లో అయితే ఒక గుడ్డు బావమరిది నుదుటికి తగిలేది. కానీ హద్దూ నియమం తెలిసినవాడు. రెండు చేతులా ముసుగు పట్టి ఠపీమని నెత్తి మీదికి లాక్కున్నాడు.

గడ్డం మీద నుంచి సొన కారుతున్నా పెదవి విప్పలేదు. అదీ సంస్కారం!

ఇంకోసారి పొరుగూరివాళ్ళు పిల్లను అడగడానికి వచ్చారు. దారిలో జల్లు పడిందని అందరూ ముసుగులు వేసుకునే గడపలో అడుగుపెట్టారు. ఇంటాయన చూశాడు. అయ్యో, గుంపు గుంపుకే మూడ్ బాగాలేదే! టీ, బాదం పిండివంటలు ముందు పెట్టి, మునివేళ్ళ మీద నడుచుకుంటూ ఇంట్లోవాళ్ళందరినీ గొడ్లపాకలోకి తీసుకెళ్ళిపోయాడు. వచ్చినవాళ్ళు ఖాళీ ఇంట్లో పొద్దు గుంకేదాకా కూర్చుని, పళ్ళాలు ఖాళీ చేసి వెళ్ళారు. మర్నాడు కబురొచ్చింది. "అంత నెమ్మదైన కుటుంబాన్ని మేం ఎక్కడా చూడలేదు. పిల్ల మాకు నచ్చింది." పిల్లను వాళ్ళు చూడనేలేదు!

గ్యాసు సిలిండర్ల లారీవాడు కొత్తవాడు. ఊళ్ళోకి వచ్చి హారన్ కొట్టాడు. ఎవరూ పలకలేదు. వీధి పొడుగునా ముసుగులు, కింద చూపులు. ఎవరో పెద్దమనిషి పోయాడనుకున్నాడు పాపం. హారన్ ఆపి, చేతులు చాచి దువా చదివి, పరామర్శకు ఇచ్చే చక్కెర దిమ్మ ఒకటి మసీదు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ చక్కెరతో ఊరంతా టీ తాగింది. వంట మాత్రం ఎవరింట్లోనూ కాలేదు. ఉన్న కాస్త గ్యాసూ ఆ టీతో అయిపోయిందిగా!

ఇన్ని లాభాలు చెప్పాక మా ఇంటి లాభం దాచుకుంటే పాపం తగులుతుంది.

మా అన్న బాసూ, నేను ఒకే వాకిలి చుట్టూ ఉంటాం. వాకిలి ఒకటి, తలుపులు రెండు. ఏటి ఒడ్డున నాన్న వదిలిన ఆలివ్ చెట్లు పంచుకోలేదు. అన్న లేకుండా నేను ఒక్క కొమ్మ దులిపి ఎరగను. నేను లేకుండా అన్న ఎరగడు. శుక్రవారం నమాజు అయ్యాక రెండిళ్ళవాళ్ళం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుంటాం. ఒక వారం మా ఇంట్లో గోధుమరవ్వతో వండిన కుస్కుస్, ఒక వారం యమ్నా వదిన చేతిది. ఎవరి ముందున్నది వాళ్ళు తినాలి. చెయ్యి పక్కవాడి వైపు పోకూడదు. మాంసం మధ్యలో ఉంటుంది.

సరే, ఆలివ్ కాయలు రంగు తిరుగుతున్న రోజుల్లో అన్న ఒక సాయంత్రం ఇంటికి వచ్చాడు. ముసుగు ముక్కు దాకా దిగి ఉంది.

నేను పలకరించలేదు. గర్వంగా చెబుతున్నాను! మర్నాడూ ముసుగు దిగే ఉంది. మునివేళ్ళ మీద నడిచాను. ఆ మర్నాడూ అంతే. అప్పుడు ఆలోచించాను. అన్నకు ఎవరి మీద ఇంత కోపం? వెతగ్గా వెతగ్గా నిచ్చెన గుర్తొచ్చింది. నాన్న కాలం నాటి నిచ్చెన పైమెట్టు నా కాలి కింద విరిగితే, తాడుతో కట్టి మాట్లాడకుండా గోడకు ఆనించి పెట్టాను. కనిపెట్టేశాడన్నమాట! పాత కర్రముక్క కోసం తోడబుట్టినవాడి మీద ఇన్నాళ్ళ కోపమా? అని నాకూ మూడ్ చెడింది.

కానీ నేను అన్నను నొప్పిస్తానా? ముసుగేసుకున్నాను. ముక్కు దాకా.

ఆ శుక్రవారం పళ్ళెం రెండయింది. తర్వాతి శుక్రవారాలూ అంతే. ఎవరూ ఒక్క మాట పడలేదు, అనలేదు. చెట్ల మీద కాయ నల్లబడింది. ముసుగులు లేని అనాగరిక జాతి, గోరింకలు, గుంపులు గుంపులుగా వచ్చి నోటికొచ్చినట్టు అరుచుకుంటూ కడుపు నిండా తిని పోతున్నాయి.

ఇదుగో, ఇవాళ మళ్ళీ శుక్రవారం. పొద్దున ఆ మబ్బు. ఒక్క గట్టి వాన కొడితే మిగిలిన కాయ మట్టిపాలు.

తూదా దులిపే కర్రలు భుజాన, పరిచే పట్టాలు చంకన పెట్టుకుని నడివాకిట్లో నిలబడింది.

"ఏమయ్యా, వానొచ్చేట్టుంది. లే, చెట్ల దగ్గరికి పోదాం."

నేను ముసుగు ఇంకొంచెం దించాను. మర్యాదగా.

"ఓహో! దొరగారికి మూడ్ బాగాలేదు. గోరింకలకి మాత్రం భేషుగ్గా ఉంది!"

నన్ను వదిలేసి మా అన్న తలుపును కర్రతో దబదబా బాదింది. "బావగారూ! బయటికి రండి!"

యమ్నా వదిన పెదవుల మీద వేలు పెట్టుకుని పరుగున వచ్చింది. "మెల్లిగానే తల్లీ! ఆయనకి బాగాలేదు. ముక్కు దాకా ఉంది."

"ఎన్నాళ్ళబట్టి అక్కా?"

"మంగలి మిమూన్ దగ్గరికి వెళ్ళొచ్చిన కాణ్ణించీ."

"ఎందుకని అడిగావా?"

"ముసుగేసుకున్న మనిషిని ఎట్లా అడుగుతామే? నొచ్చుకోరూ!"

"మరి పడుకునేటప్పుడో?"

"దీపం ఆర్పాకే తీస్తారు. నేనూ అటు తిరిగి పడుకుంటా, పాపం ఎందుకని."

చప్పుడు విని మా అన్న గడప దాటి వచ్చాడు. తూదా ఇంకేం ఆలోచించలేదు. కర్ర కొనతో వెనక నుంచి ముసుగెత్తి వీపు మీద పడేసింది.

అందరం చూశాం. తల ఉంది. తల నిండా జుట్టు ఉంది.

"తల ఉందిగా! నేనింకా ఊడిపోయిందేమో అనుకున్నా," అంది తూదా. "ఏమైంది బావగారూ మీకు?"

మా అన్న చెవుల దాకా ఎర్రబడ్డాడు. చెయ్యి నెత్తి మీద పెట్టుకున్నాడు. "మిమూన్ సగం గొరిగాడు. ఇదుగో, ఈ పక్క. ఇంతలో ముసుగేసుకున్నాడు. పాపం మూడ్ మారిందేమో, మనమెందుకు అడ్డం అని చప్పుడు చెయ్యకుండా లేచొచ్చేశా."

"సగం తలతోనా!"

"నొప్పించకూడదన్నారుగా."

తూదా గొంతు సంగతి చెప్పానుగా. మిమూన్ దుకాణం దాకా వినబడినట్టుంది. కత్తి చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

"వల్లాహి, అల్లా సాక్షిగా నాకు మూడూ లేదు గీడూ లేదు! తలుపు సందులోంచి గాలి కొట్టి చెవి జివ్వుమంది. ముసుగు లాక్కుని, కత్తి నూరుకుని ఇటు తిరిగితే కుర్చీ ఖాళీ! నా చేతి పని బాసూకి నచ్చలేదు కాబోలని ఆ రోజు నుంచీ నేను ముసుగు తీస్తే ఒట్టు! మా ఆవిడ కూడా నాతో మాట్లాడ్డం మానేసింది."

"ఆ జుట్టు ఎప్పుడో మొలిచింది," అంది తూదా మా అన్నను చూసి. "మరి ఈ ముసుగు ఇంకా ఎందుకున్నట్టు?"

మా అన్న వేలు నా వైపు చూపించాడు. "వీడు వేసుకున్నాడుగా. నా మీద కోపమేమో అని."

"నీది చూసే నేను వేసుకున్నా," అన్నాను. ఎన్నాళ్ళకో మాట్లాడానేమో, నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నిచ్చెన గురించి నీకు కోపమని."

"ఏ నిచ్చెన?"

మా అన్న చూపు గోడకు ఆనించి ఉన్న నిచ్చెన అడుగు నుంచి మెల్లిగా పైమెట్టు దాకా ఎక్కింది. అక్కడ తాడు కనబడింది.

"నాన్న నిచ్చెన! విరగ్గొట్టింది నువ్వట్రా!"

పాఠకులారా, అన్న కాలి నుంచి చెప్పు ఊడటం నేను చూశాను. పసుపుపచ్చ తోలు చెప్పు. తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. భుజం మీద ఫెడేలుమని తగిలింది.

ఎంత హాయిగా ఉందో చెప్పలేను!

చెప్పు తీసుకుని వెళ్ళి అతని కాలి ముందు పెట్టాను. అన్న అందులో కాలు దూర్చాడు. నా మొహం చూడకుండా, "గట్టిగా తగిలిందిరా?" అన్నాడు.

"లేదు."

"రోజూ నువ్వు వాకిట్లోంచి పోతుంటే ముసుగు అంచులోంచి చూసేవాణ్ణి. కాళ్ళే కనబడేవి. ఒక్కసారన్నా ఆగి అడుగుతావనుకున్నా."

నేనూ అతని కాళ్ళే చూసేవాణ్ణని చెప్పలేదు. అంత మాట నాకు రాదు.

తూదా పట్టాలు దులుపుతూ అంది: "ఆ పట్నం పిల్ల రెండు మాటలు చెప్పింది. మీరు ఒకటి విని టీకి లేచారు."

"రెండోది ఏమిటి?" అన్నాడు మిమూన్.

"కాసేపు వదిలేశాక, వెళ్ళి ఏమైందని అడగమంది."

మిమూన్ చేతిలో కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. తల వంచుకుని ఇంటి దారి పట్టాడు, వాళ్ళావిడ దగ్గరికి.

అయినా నేను మాట మార్చే మనిషిని కాను. చెడిన మూడ్ వరమే. దాన్ని ఎవరి మీదా రుద్దకుండా దాచే ముసుగు అంతకన్నా పెద్ద వరం. ఎదుటివాణ్ణి నొప్పించకుండా బతకడానికి మేం కనిపెట్టిన పద్ధతి ఎంత గొప్పదంటే, అసలు ఎదుటివాడే అక్కర్లేకుండా పోయాడు! మీ ఊళ్ళో ముసుగులు లేకపోతే దిగులుపడకండి. గది తలుపులున్నాయి, ఫోన్లున్నాయి, "ఏం లేదు, బానే ఉన్నా" అనే మాట ఉంది. ఏది దించుకున్నా ముక్కు దాకా దించుకోండి. మీ అన్న కాళ్ళు కూడా కనబడకుండా.

చెట్ల దగ్గరికి అందరం వెళ్ళాం. విరిగిన మెట్టు దాకా అన్న ఎక్కాడు. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. పైనుంచి నా నెత్తిన కాయలూ తిట్లూ కలిపి రాల్చాడు. గోరింకలు లేచిపోయాయి. నమాజు వేళకు సగం చెట్లు అయ్యాయి. మసీదు నుంచి వచ్చాక మిగతావి దులిపాం. గోరింకలు మింగింది మింగగా, మిగిలింది గోతాలకెక్కింది. ఇంకా ఒక చెట్టు ఉందనగా ఆకాశానికి ఓపిక పోయింది. చడామడా కురిసింది. ఆ చెట్టు కూడా తడుస్తూనే దులిపాం. ఒక్కరూ ముసుగు వేసుకోలేదు.

యమ్నా వదిన ఒకే పళ్ళెం తెచ్చి పెట్టింది. చుట్టూ కూర్చున్నాం. అందరి జుట్టులోంచీ నీళ్ళు కారుతున్నాయి. బయట వాన, లోపల వేళ్ళు కదిలే చప్పుడు. ఎవరి ముందున్నది వాళ్ళు తింటున్నాం.

అన్న మధ్యలోంచి మాంసం ముక్క ఒకటి విడదీసి, వేలితో నెమ్మదిగా నా వైపుకు జరిపాడు. నేను కాసేపు చూసి దాన్ని అతని వైపుకు జరిపాను. అతను మళ్ళీ నా వైపుకు. నేను మళ్ళీ అతని వైపుకు. కుస్కుస్‌లో చిన్న కాలవలాంటి దారి పడింది. మాలో ఎవరూ తలెత్తలేదు.

అటు నుంచి తూదా చెయ్యి వచ్చింది. ముక్క తీసుకుంది.

ఆవిడ కూడా ఏమీ మాట్లాడలేదు. నోరు ఖాళీ లేదు మరి.